ఎడమకి లాగే మిషన్

తోలుకీ కాన్వాసుకీ మిషన్ కావాలని వచ్చినవాళ్లు ముందుగా వేగం ఎంత అని అడిగితే నాకు ఒళ్లు మండుతుంది. వేగం చొక్కాలు కుట్టేవాళ్లకి. ఎనిమిది పొరల కాన్వాసు మీద తోలు పెట్టి కుట్టేవాళ్లు అడగాల్సింది పాదం ఎంత ఎత్తు లేస్తుందని, లావు దారం పడుతుందా అని, మోటారు నెమ్మదిగా తిరిగినప్పుడు కూడా సూదికి బలం ఉంటుందా అని. కింద పళ్లూ, పైన పాదమూ, మధ్యలో సూదీ మూడూ కలిసి సరుకుని నడిపిస్తాయా అని. ఇవన్నీ మా నాన్న నాకు చెప్పాడు. వచ్చినవాళ్లందరికీ నేను చెబుతూనే ఉన్నాను. వాళ్లు వేగం అడుగుతూనే ఉన్నారు.

ఇత్సుకో గారు వేగం అడగలేదు. ఆవిడ అడిగినవన్నీ సరైన ప్రశ్నలే. అయినా నెల రోజులు నా ప్రాణం తోడేసింది.

మా తొయోకాలో ప్రతి మూడో ఇంటి కింది గదిలో మిషన్ మోగుతుంది. ఊరంతా బ్యాగులే. కానీ ఏ ఇంట్లోనూ బ్యాగు మొత్తం తయారవదు. ఒక ఇల్లు జేబులే కుడుతుంది, ఒక ఇల్లు లోపలి అస్తరు, ఇంకో ఇల్లు పట్టుకునే కాడలు. అన్నీ కలిపి బ్యాగు మూసేవాళ్లు వేరే. ఒకరి పని ఇంకొకరు ముట్టుకోరు. ఇత్సుకో గారిది కాడల ఇల్లు. పాతికేళ్ల వయసులో ఆ ఇంటికి కోడలిగా వచ్చి, అత్తగారి పక్కన కూర్చుని, ముప్పై నాలుగేళ్లు కాడలే కుట్టింది. కాన్వాసు పట్టీ మీద తోలు పట్టీ, అంచుకి రెండు మిల్లీమీటర్ల లోపల ఒకటే గీత. తోలు మీద ఒకసారి పడిన రంధ్రం పూడదు కాబట్టి విప్పి మళ్లీ కుట్టే వీల్లేదు. ఆవిడ గీత తప్పగా నేను చూడలేదు.

నవంబరు మొదట్లో ఊరికి పని పంపే మసుఫుకు కంపెనీలో కొనుగోళ్ల పెద్ద ఉచిబోరి గారు ఊళ్లోని కాడల ఇళ్లన్నిటికీ ఒకే మాట చెప్పారు. కొత్త సంవత్సరం నుంచి కాడలు బయటి దేశం నుంచే వస్తాయి. ఇక్కడ ఉండేది బ్యాగు మూసే పని ఒక్కటే. చేయగలమనుకున్నవాళ్లు డిసెంబరు ఇరవైకల్లా ఒక బ్యాగు మూసి చూపించాలి. నాలుగు కాడల ఇళ్లలో మూడు ఇళ్లు నోరు మూసుకుని మిషన్ల మీద దుప్పట్లు కప్పేశాయి. ఇత్సుకో గారు మర్నాడు పొద్దున్నే నా మిషన్ల కొట్టు తలుపు కొట్టింది.

"షిగే, గొట్టం మిషన్ చూపించు."

గొట్టం మిషన్ అంటే బల్ల ఉండదు. చొక్కా చేతిలోకి చెయ్యి దూర్చినట్టు బ్యాగుని దాని గొట్టం మీదికి తొడిగి, మూతి చుట్టూ తిప్పుతూ కుట్టాలి. బ్యాగు మూయాలంటే అదే కావాలి.

"కూర్చోండక్కా, టీ తాగుదురు."

"తాగడానికి రాలేదు. ఇరవయ్యో తారీఖుకి ఎన్ని రోజులో నీకు లెక్క తెలుసా?"

కూర్చోలేదు. ఆవిడెప్పుడూ అంతే. మిషన్ ముందు తప్ప ఇంకెక్కడా కుదురుగా ఉండదు. మాట్లాడుతూనే నా రెంచీలన్నీ సైజు ప్రకారం సర్దేసింది. అవి సర్దితే నాకు దొరకవు.

మా దగ్గర మిషన్‌ని ముందు ఇంట్లో పెట్టి, వారం రోజులు వాడి చూశాకే కొంటారు. మొదటిది మంచి మిషన్, పెద్ద బాబిన్, నెమ్మదిగా తిరిగే మోటారు. తీసుకెళ్లి పెట్టాను. మూడో రోజే ఫోన్.

"దీని చప్పుడు బాగాలేదు, తీసుకుపో."

రెండోది చప్పుడే లేనిది తెచ్చాను. దాన్ని కిటికీ దగ్గరికి జరిపించింది, మర్నాడు గోడ దగ్గరికి జరిపించింది, ఆ మర్నాడు మెట్ల కిందికి. ఒక్కోటీ ఎనభై కిలోలు. నేనూ, వాళ్లాయన మోరిహికో గారూ మోయలేక చచ్చాం. ఆయన చేపల వ్యాను నడుపుతాడు, పీతల కాలంలో పొద్దున మూడింటికే లేస్తాడు.

"పీతల పెట్టెలు చాలవన్నట్టు ఇంట్లో కూడా బరువులా?" అని ఆయన నా చెవిలో గొణిగాడు. "ఏదో ఒకటి బాగుందని చెప్పించవయ్యా."

"మీరు చెప్పండి చూద్దాం."

"నాకెందుకులే."

ఆ మిషన్ కూడా పెడల్ బాగాలేదని వెనక్కొచ్చింది. మూడోది జపాన్ మొత్తంలో దానికన్నా మంచిది లేదని నేను ప్రమాణం చేయగలిగినది. దాన్ని ఇంటికి పంపకుండా కొట్టులోనే కుట్టి చూడమన్నాను. నాకు ఓపిక అయిపోయింది. ఈవిడ మిషన్ కొనడానికి వచ్చిందా, నా సహనం కొలవడానికి వచ్చిందా అని గట్టిగానే గొణిగాను. విన్నది. ఇత్సుకో గారు తిరిగి ఒక మాట అనకపోవడం నేనదే మొదటిసారి చూశాను, నాకు భయమేసింది.

ఆవిడ ఒక పొడుగు పట్టీ పాదం కింద పెట్టి కుట్టింది. మూర దాటేసరికి గీత అంచు నుంచి జరిగిపోయింది. ఇంకో పట్టీ. అదే తంతు. నాలుగైదు పట్టీలయ్యాక లేచి, గదిలో రెండుసార్లు ఇటూ అటూ తిరిగి, మళ్లీ వచ్చి కూర్చుంది. రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుంది.

"చప్పుడూ కాదు, పెడలూ కాదు షిగే. అబద్ధం చెప్పాను. నా చేతులు అయిపోయాయి. నువ్వు తెచ్చిన ప్రతి మిషన్ మీదా గీత పోతోంది."

"మీ పాత మిషన్ మీద?"

"దాని మీద ఎందుకు పోతుంది? దాని మీద కళ్లు మూసుకుని కుడతాను. కొత్తది నేర్చుకునే వయసు పోయిందన్నమాట. మా అత్త దిద్దిన చెయ్యి, దానికి ఇంతే రాసుంది." లేచింది. "తీసుకుపోనులే ఇది. ఉచిబోరి గారికి రానని చెప్పేస్తాను."

"ఇంకొక్క పట్టీ కుట్టండి."

"ఎందుకు, నువ్వు నవ్వడానికా?"

"కుట్టండక్కా."

కుట్టింది. ఈసారి నేను గీతని చూడలేదు, చేతుల్ని చూశాను. ఎడమ అరచేతి కింది భాగం సరుకుని అదే పనిగా కుడివైపుకి నెడుతోంది.

"ఎందుకలా నెడుతున్నారు?"

"నెట్టడమేంటి? నేనేం నెట్టడం లేదే!"

నిజంగానే ఆవిడకి తెలియదు. చెయ్యి దానంతట అదే నెడుతోంది. చక్కగా నడిచే మిషన్ మీద అలా నెడితే పట్టీ కుడికి పోక ఏం చేస్తుంది? మరి పాత మిషన్ మీద నెట్టినా తిన్నగా వస్తోందంటే, ఆ మిషన్ ఎడమకి లాగుతూ ఉండాలి. ఆ మిషన్‌ని ముప్పై నాలుగేళ్లుగా చూస్తున్నది నేనే. ఉచిబోరి గారికి అప్పుడే ఏమీ చెప్పొద్దని ఆవిడని ఇంటికి పంపేశాను.

డిసెంబరు ఎనిమిది సూదుల రోజు. ఏడాదంతా విరిగిన సూదులు దాచుకుని, గుడికి తీసుకెళ్లి మెత్తటి టోఫూలో గుచ్చి, పాపం ఎంత కష్టపడ్డాయో అని దండం పెట్టుకుంటారు. ఆ రోజు ఊళ్లో ఎవరూ మిషన్ తొక్కరు. ఆవిడ గుడికి వెళ్లే వేళ చూసుకుని వాళ్లింటికి వెళ్లాను. పాత మిషన్‌కి మారకం విలువ కట్టాలని మోరిహికో గారితో అబద్ధమాడాను. ఆయన వెచ్చటి బల్ల కింద కాళ్లు పెట్టుకుని టీవీ చూస్తూ, పోయి చూసుకో అన్నాడు.

దుప్పటి తీశాను. పొడుగు పట్టీ పెట్టి, రెండు చేతులూ పైకెత్తి, పెడల్ నొక్కాను. వీధంతా నిశ్శబ్దంగా ఉంటే ఆ ఒక్క మిషన్ చప్పుడు నాకే సిగ్గేసేలా మోగింది. పట్టీ ఎడమకి తిరిగిపోయింది. మూర పొడవులో అరంగుళం.

ఇన్నేళ్లలో నాకెందుకు తెలియలేదో చెబుతాను, నవ్వకండి. మేం మిషన్‌వాళ్లం బాగుచేశాక బెత్తెడు గుడ్డముక్క మీద కుట్టి, పైనా కిందా ముడి చూసి, బాగుందంటాం. మా నాన్న అంతే, నేనూ అంతే, ఊళ్లో అందరూ అంతే. బెత్తెడులో ఆ వంకర కనిపించదు. కాడ మూరన్నర ఉంటుంది. కాడ పొడవున కుట్టి చూసిన మిషన్‌వాడు మా ఊళ్లో లేడు. హుక్కు మార్చాను, బెల్టు మార్చాను, మోటారే మార్చాను. కుట్టు బాగుంది కదా అని పళ్ల జోలికి మాత్రం పోలేదు.

సూది కింది పలక విప్పాను. పళ్ల కింద, ఒక పక్కన మాత్రం, చిన్న రేకు ముక్క. తుప్పు గీకితే ఆకుపచ్చ రంగు తేలింది. టీ డబ్బా రేకు. దాన్ని కత్తిరించిన చెయ్యి నాదే. మా నాన్నకి ఒంట్లో బాగాలేక నన్ను మొదటిసారి ఒంటరిగా పంపిన రోజు, ఇరవై రెండేళ్ల వయసులో, కొత్త పళ్లు ఒక పక్క కిందికి ఉన్నాయనిపించి, తెలివిగా ఎత్తుపెట్టాననుకున్నాను. ఇంటికొచ్చి మా నాన్నతో గొప్పగా చెప్పుకున్నాను కూడా.

అంతా ఎలా ఉన్నదో అలా బిగించేసి, దుప్పటి కప్పేసి, దొంగలా బయటపడ్డాను.

ఇప్పుడు చెప్పబోయేది నాకు గౌరవం తెచ్చేది కాదు. మా కొట్టు మా నాన్న పేరు మీద నడుస్తోంది. ఈ సంగతి బయటికొస్తే ప్రతి ఇల్లూ మిషన్ విప్పి చూసుకుంటుంది, ఇంకెన్ని రేకులు దొరుకుతాయో నాకే తెలియదు. రెండు రోజులు తిండి సయించలేదు. మూడో రోజు కొట్టు తలుపు లోపల గడియ పెట్టుకుని, మూడో మిషన్ పళ్లు విప్పి, ఒక పక్కన రేకు ముక్క పెట్టాను. పాత మిషన్ ఎంత లాగుతుందో అంతే లాగేదాకా, ఈసారి మూరన్నర పట్టీల మీదే కుట్టి చూస్తూ, నాలుగు గంటలు సరిచేశాను. మంచి మిషన్‌ని చెడగొట్టడం అంత కష్టమని నాకప్పుడే తెలిసింది.

"కొంచెం సర్దాను, కుట్టి చూడండి" అని వాళ్లింట్లో పెట్టాను.

ఆవిడ నమ్మకం లేకుండానే కూర్చుంది. కాన్వాసు బ్యాగు గొట్టానికి తొడిగి, మూతి చుట్టూ తోలు పట్టీ పెట్టి తిప్పుకుంటూ వచ్చింది. గీత గీసినట్టు వచ్చింది. బ్యాగు తీసి చూసుకుంది. బోర్లించి చూసింది. వెలుతురులోకి తీసుకెళ్లి చూసింది. తర్వాత నా ముందు నేల మీద కూర్చుని, తల నేలకి ఆనేలా వంగింది.

"షిగే, నీ రుణం తీర్చుకోలేను. నా చేతులు బతికే ఉన్నాయి."

"లేవండి, లేవండి" అంటూ బూట్లు కూడా సరిగ్గా తొడుక్కోకుండా వచ్చేశాను.

మర్నాడు మోరిహికో గారితో పీతల పెట్టె పంపింది. రెండు పెద్ద పీతలు, మంచి సరుకని కాళ్లకి రేవు ముద్రతో. మా ఆవిడ సంబరపడిపోయి కుండ పొయ్యి మీదికెక్కించింది. దించెయ్యమన్నాను. ఎందుకని అడిగింది. చెప్పలేదు. ఆ పూటంతా కాలు కాలిన పిల్లిలా కొట్లోకీ ఇంట్లోకీ తిరిగి, మధ్యాహ్నం పెట్టె చంకన పెట్టుకుని, తడి మంచులో నడుచుకుంటూ వాళ్లింటికి వెళ్లాను.

"పీతలు వెనక్కి తెచ్చావేంటి? పాడైపోయాయా? ఈయన ఎప్పుడూ ఇంతే, చచ్చినవే తెస్తాడు."

"పీతలు బాగున్నాయక్కా."

నిలబడే చెప్పాను. కూర్చుంటే చెప్పలేనని. ఆకుపచ్చ రేకు గురించి, బెత్తెడు గుడ్డ గురించి, కొత్త మిషన్‌లో పెట్టిన రేకు గురించి కూడా. ఆవిడ చేతిలో కత్తెర ఉంది. చెబుతున్నంతసేపూ దాన్ని తెరుస్తూ మూస్తూ ఉంది.

"ఏ నెల?"

"ఏంటక్కా?"

"పాతదాంట్లో రేకు పెట్టింది ఏ నెల అని."

"మే నెల. వరి నాట్లప్పుడు."

"నేను కాపురానికొచ్చింది ఏప్రిల్‌లో." కత్తెర బల్ల మీద పెట్టింది. "ఏప్రిల్‌లో నా కుట్టు బాగానే ఉండేది. మా అత్త కానే గారు మెచ్చుకుంది కూడా. ఆవిడ ఒకరిని మెచ్చుకోవడమంటే మాటలు కాదు. మే నెలలో చెయ్యి తప్పిందంది. మెచ్చుకునేసరికి కొత్త కోడలికి పొగరెక్కిందంది. ఎడమ మణికట్టు మీద వెదురు స్కేలుతో కొట్టేది. పట్టీ వంకరపోయిన ప్రతిసారీ ఒకటి. కోతల దాకా కొట్టింది."

"మిషన్ చూడమని నన్ను పిలవొచ్చు కదక్కా."

అన్నాక నాలుక కరుచుకున్నాను. ఆవిడ నా వైపు చూసిన చూపు ఇంకా గుర్తుంది.

"కొత్త కోడలు మిషన్‌దే తప్పంటుందా? నువ్వే ఊరంతా చెప్పుకునేవాడివి, కుట్టడం రానివాళ్లే నెపం మిషన్ మీద వేస్తారని. మీ నాన్న కూడా అనేవాడు. నేను నోరు మూసుకుని నేర్చుకున్నాను. ఆవిడ పోయేదాకా ఇంటికొచ్చినవాళ్లందరికీ నా కుట్టు చూపించి, ఈ చెయ్యి నేను దిద్దిందే అనేది. నేనూ అదే అనుకున్నాను. దేవుడి గూట్లో ఆవిడ ఫోటో ముందు రోజూ గంట కొట్టి, నా చెయ్యి దిద్దారమ్మా అని చెబుతున్నాను."

లేచి కిటికీ తీసింది. చలి లోపలికి కొట్టింది. మూసేసింది. పక్కగదిలోకి వెళ్లింది, వచ్చింది. గోడ మీద క్యాలెండరు సరిచేసింది, అది సరిగ్గానే ఉంది. ఏడుస్తుందనుకున్నాను. ఏడిస్తే బాగుండేది. నాకు మాత్రం కళ్లు నిండాయి, ఆవిడ ముందు తుడుచుకోవడానికి కూడా ముఖం చెల్లలేదు.

"ఇప్పుడే తీసేస్తానక్కా. పాతదాంట్లోదీ, దీంట్లోదీ."

"రేకు ఉండనీ."

"కానీ..."

"ఇరవయ్యో తారీఖు నీ బాధ చూసి ఆగుతుందా? ఉండనీ. పీతలు అక్కడ పెట్టి వెళ్లు."

పెట్టి వచ్చాను.

ఇరవయ్యో తారీఖున ఉచిబోరి గారు ఆ బ్యాగుని బోర్లించి, తిరగేసి, కాడ పట్టుకుని కుర్చీకి తగిలించి, తన బరువంతా వేసి లాగారట. భూతద్దం పెట్టి మూతి చుట్టూ చూశారట. జనవరి అయిదు నుంచి పని పంపుతానన్నారు. కాడల ఇళ్లలో మిగిలింది ఆ ఒక్కటే. ఇది నాకు ఊళ్లోవాళ్లు చెప్పిందే. ఆవిడ నాకు ఫోన్ చేయలేదు.

మర్నాడు పొద్దున చేసింది.

"పనిముట్లు తెచ్చుకో."

వెళ్లేసరికి కొత్త మిషన్ పక్కన దీపం వెలిగించి, పలక మీది స్క్రూలు అప్పటికే తనే విప్పేసి, వరసగా పేర్చి ఉంచింది.

"తియ్యి."

"అక్కా, ఒక మాట వినండి. జనవరి అయిదుకి రెండు వారాలే ఉంది. యాభై తొమ్మిదేళ్ల చెయ్యి రెండు వారాల్లో మారదు. ఈ రేకుతో హాయిగా కుట్టుకోవచ్చు. నేను బతికున్నంతకాలం దీన్ని నేనే చూసుకుంటాను."

"ఇన్నాళ్లూ నువ్వు చూసుకున్నది చాల్లే."

తీశాను. పళ్లు సమంగా బిగించాను. మూరన్నర పట్టీ పెట్టి, చేతులెత్తి నడిపించి చూపించాను. ఈ చివర నుంచి ఆ చివరకి తిన్నగా వెళ్లింది. ఆవిడ నన్ను లెమ్మని సైగ చేసి, తను కూర్చుంది.

మొదటి పట్టీ కుడికి పోయింది. రెండోదీ పోయింది. ఎడమచెయ్యి ఒళ్లో పెట్టుకుని కుట్టింది, పట్టీ అటూ ఇటూ ఊగిపోయింది. మళ్లీ చెయ్యి పెట్టింది. నెట్టింది. తిట్టుకుంది. పట్టీలు కింద పడుతున్నాయి. ఊళ్లోకెల్లా తిన్నటి గీత కుట్టిన మనిషి మొదటి వారం నేర్చుకునే పిల్లలా కుడుతుంటే నేను చూడలేకపోయాను.

"పోనీ మళ్లీ పెట్టనా? పని వచ్చే వేళకైనా?"

ఆవిడ పట్టీ మీంచి కళ్లెత్తలేదు.

"కుడికి పోతున్నది కూడా నీదే షిగే. నువ్వు లాగావు కాబట్టి నేను నెట్టడం నేర్చుకున్నాను. ఇది వదిలాక నాది వస్తుంది. నా చెయ్యి ఎలా కుడుతుందో నాకింతవరకూ తెలీదు. ఒక్కసారి చూసుకోవద్దా?"

ఇంకో పట్టీ పాదం కింద పెట్టి, పెడల్ నొక్కింది.